రెండు గంటల చోట

ఫర్వానియా ఆసుపత్రి. ఏసీ చలి.
"చేతులు పైకెత్తు రెడ్డెమ్మా" అన్నాను.
ఎత్తింది.
ఎడమ రొమ్ము మీద, చంకకు దగ్గరగా,
దారం లాగిన గుడ్డలా చర్మం ముడుచుకుంది.

పరీక్షకు బట్టీపట్టిందే:
పైభాగం, వెలుపలి వైపు, గడ్డలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.
లోపల పదిహేనో ఇరవయ్యో పాల తమ్మెలు,
వాటిని చర్మానికి కట్టి ఉంచే సన్నని పోగులు.
గడ్డ పోగును గుంజితే
పైన సొట్ట.

మూడు వేళ్లు చదునుగా ఆనించి తడిమాను.
రేగ్గాయంత. రాయి.
"నొప్పి ల్యాకపాయె డాక్టరమ్మా,
అందుకే యెవురికీ చెప్పల్యా."
నొప్పి ఉండాల్సింది అని
ఏ పుస్తకంలోనూ రాయరు.

కేస్ షీటులో రొమ్మంటే గడియారం.
ముల్లు గీసి రాశాను:
ఎడమ, రెండు గంటల చోట.

"మొదట ఎప్పుడు తగిలింది?"
"మద్దేనం రెండుకు. మేడం పండుకుంటాది.
నీళ్లు పోసుకునేది నేను అప్పుడే."

పెన్ను కాసేపు ఆగింది.

తర్వాత ఆమె మోచేతిని నా చేతిమీద వాల్చుకుని
చంకలో గ్రంథుల కోసం వెతికాను.
ఒకటి. దాని వెనక ఇంకొకటి.
ఆమె చూపు గోడ గడియారం మీదే ఉంది.
మేడం కూతురి బడి
వదిలే వేళంట.