పదకొండో సెంటీమీటరు

గోడౌన్లోంచి సెంగేణి దాన్ని చంకన పెట్టుకుని తెచ్చాడు,
చిరిగిన చాపను తెచ్చినట్టు.
పళ్ళుండాల్సిన చోట తిమింగలానికి పెరిగే పలక,
ఒక అంచంతా కుచ్చులు.
"దువ్వెనలా లేదూ!" అన్నాడు తన అరవ యాసలో.
చీటీ మీద సిరా వెలిసిపోయింది.
మిగిలినవి రెండే ముక్కలు: ఆడది. అరవై ఆరు.

తరమణిలో, ఏసీ నీళ్ళు బకెట్లోకి కారే మా ల్యాబులో
సెంటీమీటరుకొకటిగా డ్రిల్లుతో పొడుస్తాను.
కాలిన గోరు వాసన.
రాలిన పిండిని తగరపు రేకులో మడుస్తాను
(పొట్లం కట్టడం చదువుకుంటే రాలేదు,
బ్రాడ్వేలో మా నాన్న పచారీ కొట్టులో వచ్చింది).
మెషీన్ దాన్ని కాల్చి
బరువు నత్రజని ఎంతో, తేలికది ఎంతో లెక్క చెబుతుంది.
చిగురు దగ్గర చివరి భోజనం,
కొసన అయిదేళ్ళ కిందటిది.

అరవై ఆరుది, ఎనభై తొమ్మిదిది, మొన్నటిది.
మూడు గీతలూ ఒకే కాగితం మీద పరిస్తే
ఒకదానికంటే ఒకటి కాస్త కిందికి జారి ఉన్నాయి.
తిమింగలాలే తిండి మార్చాయా,
వాటి కంచం కింద సముద్రమే ఒక మెట్టు దిగిందా?
నాలుగేళ్ళుగా ఇన్బాకూ నాకూ ఇదే తగువు.

ఒక రాత్రి, మెషీన్ సరిగా ఉందో లేదో చూద్దామని
నా జడలోంచి సన్నటి పాయ కత్తిరించి పెట్టాను.
వెంట్రుకా, ఆ పలకా ఒకే సరుకు.
వెంట్రుక నెలకో సెంటీమీటరు.

పెరుగన్నం, పెరుగన్నం, క్యాంటీన్ గుడ్డు, పెరుగన్నం.
గీత చాప మీద పడుకున్నట్టు సాగుతోంది.
పదకొండో సెంటీమీటరు దగ్గర
లేచి కూర్చుంది.

ఒళ్ళు తన్ను తానే తిన్నప్పుడు అలా లేస్తుంది.
పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే.

స్టాన్లీ ఆసుపత్రి, మూడో అంతస్తు.
తాయారక్క. గాజు తలుపు. టీ, మళ్ళీ టీ.
తిన్నావా అని అడిగిన వాళ్ళందరికీ తిన్నాననే చెప్పాను.
జడకు చెప్పడం మరిచాను.

అరవై ఆరుదాని గీతలోనూ ఉంది అలాంటి గూని.
బిడ్డకు పాలిచ్చి ఎండిందో,
రొయ్యల గుంపే ఆ ఏడు రాలేదో
అంకె చెప్పదు.
రిజిస్టర్లో ఆ గడి ఖాళీగా వదిలాను.

పొద్దున ఇన్బా ప్రింటు పట్టుకుని వచ్చింది.
"ఈ నాలుగోది ఎక్కడిది? చీటీ లేదే."

ఆడది, అని రాయి.
ఏడాది నేను చెబుతా.