బుడ్డలొలిచిన చేతులు

ఉరవకొండ ఎరువులంగడి నాగభూషణం
కొడుకు పుట్టినరోజని
అట్టపెట్టె నిండా చాక్లెట్లు పంపినాడు బడికి.
"అన్నం తిన్నాక పంచు హంపక్కా" అని చీటీ.

నేను పొయ్యికాడ ఉండా.
నూట పన్నెండు మందికి బియ్యం ఎసట్లో పోసి
పప్పులోకి చింతపండు పిసికి
గుడ్లు లెక్కపెడితే రెండు పగిలినవి.
ఎవరికి తక్కువ చేసేదా అని చూస్తాండా.

రజియా మేడం పెట్టె మూత తీసి, మళ్లా మూసె.
"పండ్లు పుచ్చిపోతాయి. రేపట్నుంచి అన్నం ముందర కూచోరు.
చిక్కీ ఇస్తానే ఉండాం గదా,
బెల్లం, శెనక్కాయ విత్తనాలు, ఎంత బలం!"
లెక్కల సారు బోర్డు తుడుస్తానే అనె:
"మీ పాపకు మీరు కొనిస్తారు గదా మేడం."
ఆమె మాట్లాడలేదు.
జూన్ పోతాండాది, వానచుక్క లేదు.
పెట్టె ఎండలోనే ఉండిపోయె.

నన్నెవరూ అడగలేదు.
అడిగింటే మేడం మాటే నా మాట అనిందును.
శెనక్కాయ చేన్లో పెరిగినదాన్ని,
బెల్లంగడ్డ కొరికి గుప్పెడు విత్తనాలు నోట్లో వేసుకుంటే
అదే మాకు పండగ.

అప్పుడొచ్చె పెన్నోబులేసు, నాలుగో తరగతి.
తట్టలు కడిగే తొట్టికాడ నిలబడి
చిక్కీ పొట్లం నా చేతిలో పెట్టె.
"నాకొద్దక్కా."
ఏమిరా, బెల్లం చేదాయనా?

చేతులు చాపినాడు.
బొటనవేళ్ల గోర్లు అరిగి, కొసలు చీలి,
చీలికల్లో ఎర్రమన్ను.
"రాత్రి మూడు శేర్లు ఒలిచినా, విత్తనానికి.
మొన్న నాలుగు.
పండుకుంటే దుప్పట్లో అదే వాసన.
ఇంట్లో బుడ్డలే, బడిలో గూడా బుడ్డలేనా అక్కా?"

వంటగది గోడ మీద పట్టిక రాసినారు
ఏ దినం ఏమి, ఎన్ని గ్రాములు.
నాకు చదవను రాదు.
ఆ పొద్దు మటుకు చానాసేపు దాన్నే చూస్తా నిలబడినా,
పప్పు అడుగంటేదాక.

చివరికి మేడమే పంచె.
అప్పటికి కరిగి కాగితాలకు అంటుకుపోయినవి.
పిల్లోల్లు కాగితం నాకిరి, వేళ్లు నాకిరి,
ఒకని ముక్కు మీద ఒకడు పూసిరి.
ఒకటో తరగతి పాప మటుకు
"బురద మాదిరుండాది" అని ఊసేసె.

పెన్నోబులేసు కండ్లు మూసుకొని చప్పరిస్తా చప్పరిస్తా
టక్కున ఆగినాడు.
నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకొని
నా తట్టు చూసె.

శెనక్కాయ విత్తనం.

నేనైతే నవ్వినా, ఆపుకోలేక.
వాడు నవ్వలేదు.
దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతుర్లో పట్టుకొని చూసి
"అక్కా" అనె,
"దీన్ని ఎవరు ఒలిచిందురు?"

వాని చిక్కీ నా కొంగు ముడిలో ఇంకా ఉండాది.