పంతొమ్మిది ముళ్ళు

ఒటియెనో సార్‌కి,
శుక్రవారంలోగా పంపమన్నారు నైరోబి నుంచి.
"మంచి లీడ్ అంటే ఏమిటి? ఒక్క పేజీలో."
కపసాబెట్ బస్టాండు వెనక, మన సోలార్ పంపుల గోదాము ముందు,
మోటార్‌సైకిలు సీటు మీద కాగితం పరిచి
రాస్తున్నాను.

మొన్న రైతుల సంతలో
మూడువందల పన్నెండు నంబర్లు పోగయ్యాయి.
మీ లెక్కలో అవి మూడువందల పన్నెండు లీడ్‌లు.
నా లెక్కలో మూడువందల పన్నెండు టోపీలు.
పేరు రాసినవాళ్ళకి టోపీ ఊరికే అని
మైకులో అరిచింది మనమే కదా.
ఒక నంబరుకి ఫోన్ చేస్తే బడిపిల్లాడు ఎత్తాడు.
"అక్కా, టోపీ కళ్ళమీదికి జారుతోంది,
చిన్నది ఉందా?"

ఇక చెరుయొట్ గారు.
మీ పట్టికలో ఆయనకి పదికి పది.
పన్నెండెకరాలు, పక్కనే వాగు,
చేతిలో డబ్బు, నోట్లో "సరే."
ఆ సరే కోసం నాలుగుసార్లు కొండెక్కాను.
నాలుగుసార్లూ సొరబుర్ర వంచి
మసి వాసన వేసే పులిసిన పాలు పోశాడు.
పంపు బొమ్మని పెళ్ళిచూపుల ఫోటోలా
అటూ ఇటూ తిప్పి చూశాడు.
ఐదోసారి గట్టు మీద వాళ్ళ తమ్ముడు ఎదురై
"పొలం కోర్టులో ఉంది, చెప్పలేదా?" అన్నాడు.
చెప్పలేదు.
నేనూ అడగలేదు.
పట్టికలో ఆ గడి లేదు.

ధర అడిగినవాడే కొంటాడని మీరు నేర్పారు.
అడగడానికి ఖర్చేముంది సార్,
వాన తగ్గేదాకా మన డేరాలో నిలబడినవాడూ
ధర అడుగుతాడు.

టాప్లెలెయ్ అనే ఆవిడ టోపీ తీసుకోలేదు.
జనం పల్చబడేదాకా ఓ పక్కన కూర్చుంది.
తర్వాత సంచీలోంచి ఓ తాడు తీసింది.
కిత్తనార తాడు, సొంతంగా పేనుకున్నది.
మూరకో ముడి. పంతొమ్మిది ముళ్ళు.
పైవి పదకొండు తెల్లగా,
కిందివి బావి రంగు పట్టి.
"మార్చిలో నీళ్ళు ఇక్కడికి దిగిపోతాయి"
అని పదహారో ముడి మీద గోరు నొక్కింది.
"ఇంత కిందనుంచి లాగుతుందా?
చెడిపోతే ఎవరొస్తారు? నువ్వేనా?"
ఎల్డొరెట్ నుంచి మెకానిక్, నాలుగు రోజులు, అన్నాను.
"నాలుగు రోజులు నా ఆవులు ఏం తాగాలి?"

ఆ ప్రశ్నకి మన కరపత్రంలో జవాబు లేదు.
వెనకవైపు కూడా చూశాను.

మంచి లీడ్ అంటే ఇదీ సార్.
తన బావి లోతు కొలుచుకుని వచ్చిన మనిషి.
నన్ను నీళ్ళు నమిలించిన మనిషి.
పేజీలో ఇంకా చోటుంది గానీ
నా దగ్గర ఇంతకుమించి లేదు.

ఆవిడ ఇంకా కొనలేదు, అది కూడా రాయాలి.
తేయాకు బోనస్ అక్టోబరులో వస్తుందట.
"అప్పటిదాకా ఫోన్ చెయ్యకు, నేనే చేస్తా" అంది.
ముప్పై రోజులు దాటితే మీ కంప్యూటర్‌లో
పేరు ఎర్రబడుతుందని తెలుసు.
ఎర్రబడనివ్వండి.
నేను మాత్రం నిన్న మెకానిక్ ఇంటికి వెళ్ళి
గంటసేపు పోట్లాడి
నాలుగు రోజుల్ని రెండు చేయించాను.

ఇట్లు,
జెప్టూ

తా.క. చిన్న సైజు టోపీ ఒకటి పంపండి.