లేబుల్ ఊడిన క్యాసెట్

మలక్‌పేట గంజ్ ఎనక గల్లీల
ఖలీల్ భాయ్ వీడియోగేం దుకాణం.
తుపాకుల ఆటకు, బైకుల ఆటకు
గంటకు ఆరు రూపాయలు.
లేబుల్ ఊడినవాటికి మూడే.

మా జేబుల మూడే ఉండేటివి.

నేను, పిండిగిర్ని కిష్టమ్మ బిడ్డ పుష్పలత
క్యాసెట్ మూతిల ఉఫ్ఫని ఊది
రెండుసార్లు తట్టి దూరిస్తే
తెర మీద వాన.
వానల ఒక ముసలోడు, భుజాన నిచ్చెన.
వీధిదీపాలు ముట్టియ్యాలె, గంతే.
దుష్మన్లు లేరు. సచ్చుడు లేదు.
పక్క టీవీ కాడి పోరగాండ్లు పడి పడి నవ్వేటోళ్లు:
"గదేం ఆటరా, కరెంటాఫీసు నౌకరా?"

ఒకనాడు చెయ్యి గుంజుతుందని
పుష్పలత జాయ్‌స్టిక్ కింద పెట్టింది.
ఏం నొక్కలే.
జరసేపటికి ముసలోడు
నిచ్చెన గోడకు ఆనిచ్చి
ఎవలిదో ఇంటి మెట్టు మీద కూసున్నడు.
టోపీ తీసి
నీళ్లు పిండిండు.

ఏ దేశంల ఎవలు గీసిండ్రో ఆ నాలుగు బొమ్మలు,
ఆడుడు ఆపితేనే కనబడేటివి.

ఆ దినం మూడు రూపాయలిచ్చి
గంటసేపు అతన్ని కూసోనిచ్చినం.
ఇంకో దీపం ముట్టియ్యలే.

మొన్న ఆదివారం ఎర్రగడ్డ సంతల
పాత చార్జర్లు, తాళంచెవుల గుత్తుల నడుమ
క్యాసెట్ల కుప్ప.
అన్నీ ఒక్కతీరు బూడిద రంగు.
"ఏది కావాలె సార్?"
పేరు తెలిస్తే గద చెప్పేది.

ఒక్కొక్కటే తీసి మూతిల ఊదుకుంట కూసున్న,
ఏ దాంట్లకెల్లన్న
వాన వాసన వస్తదేమోనని.

"ఊదకు సారూ," అన్నడు దుకాణం పిల్లగాడు,
"తుప్పు వడ్తది."