ఇరవయ్యో శుక్రవారం

శనివారం సంతకి శుక్రవారం కోత.
విరోక్వా దాటాక కొండ మలుపులో నా నాలుగెకరాలు:
ముల్లంగి, బీట్‌రూట్, కొత్తిమీర, ఎవరూ కొనని నూల్‌కోల్.
వెలుగు రాగానే పది మంది వస్తారు,
ఎండ ముదరకముందే వెళ్లిపోతారు.

పది. ఆ అంకె దగ్గరే పేచీ.

ఏడాదిలో ఇరవై వేర్వేరు వారాలు,
వారంలో ఏదో ఒక రోజు, ఆ రోజులో ఏ కాసేపైనా
పది మంది నా మడుల్లో వంగి ఉంటే
నేను పన్ను కట్టాల్సిన యజమానిని.
తొమ్మిది మందైతే? ఏమో, ఇరుగుపొరుగు కాబోలు.
పంతొమ్మిది వారాలైతే?
"అదృష్టవంతురాలివి" అంటాడు లెక్కలు చూసే హాల్వర్,
కళ్లజోడు నుదుటికెక్కించి.
ఇరవై నిండితే, జనవరిలో ఇచ్చిన మొదటి డాలరు నుంచి
అందరి జీతాల మీదా నిరుద్యోగ పన్ను.
వచ్చే ఏడూ తప్పదు.

గోడ క్యాలెండర్ మీద పంతొమ్మిది సున్నాలు చుట్టాను.
గురువారం రాత్రి క్వింటీనాకి ఫోన్ చేశాను:
"రేపు పని తక్కువ, రావద్దులే."
మంచు పట్టబోతోందని ఆమెకీ తెలుసు.
మంచుకి ముందురోజు పని తక్కువుండదనీ తెలుసు.
"సరే సెన్యోరా" అంది. అంతే.

ఎవరో ఒకర్ని ఆపాలి కదా.
పోయిన చలికాలం డెయిరీ మూతపడి
ఆమె పదకొండు వారాలు ఖాళీగా ఉందన్నది
నాకు తెలియని సంగతేం కాదు.

తొమ్మిది మందితో మొదలెట్టాం. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
తొమ్మిదింటికి గేటు దగ్గర ఎర్ర స్వెట్టర్.
అరువు తీసుకున్న కొడవలి ఇచ్చిపోదామని వచ్చిందట.
ఇచ్చింది. వెళ్లబోయింది.
అబుండియో ఒక్కడే బీట్‌రూట్ వరసతో అవస్థ పడుతుంటే చూసి
మారుమాట లేకుండా కూలబడింది.
ఆరు కట్టలు. రబ్బరు బ్యాండు రెండు చుట్లు, మట్టి ఓ విదిలింపు.
పావుగంట.

బకెట్ పట్టుకుని నిలబడే ఉన్నాను.
వద్దనే మాట నోటిదాకా వచ్చింది.
అంటే, ఎందుకో చెప్పాలి.

నాలుగు డాలర్లు చాపాను. తీసుకోలేదు.
ఒక కట్ట సంచిలో వేసుకుంది.
కూరగాయలు జీతం లెక్కలోకి రావని హాల్వర్ ఒకసారి చెప్పాడు.
మనిషి మాత్రం వస్తుంది.

రాత్రి హాజరు పుస్తకం తెరిచాను.
తొమ్మిది పేర్లయ్యాక ఇంకో గీత ఖాళీ.
సిరా గడ్డకట్టిందేమో అని కాగితం అంచున గీసి చూశాను.
బాగానే రాస్తోంది.

క్వింటీనా, ఆ తర్వాత?
పంతొమ్మిది శుక్రవారాలు పొడి అక్షరంతోనే సరిపెట్టాను.
ఇంటిపేరు కనుక్కుందామని ఫోన్ తీశాను.
మోగుతోంది.
ఈ వేళప్పుడు నా నంబరు చూసి
మళ్లీ రావద్దంటాననే అనుకుంటుంది.