వత్తులు ఊడిన వార్తలు

కావలి ట్రంకు రోడ్డులో మా కేబుల్ ఆఫీసు.
పైన రేకులు, రేకుల మీద నాలుగడుగుల డిష్షు.
మద్రాసు రిచీ స్ట్రీట్లో బేరమాడి తెచ్చిన ట్యూనర్ కార్డు
పాత కంప్యూటర్ పొట్టలో గుచ్చి
రాత్రి పదింటి నుంచీ దాని ముందరే నేను.

బొమ్మ నాకక్కర్లా. పాటా అక్కర్లా.
బొమ్మ అడుగున, ఎవురి కంటా పడకుండా
ఇంకో సన్న కాలవ పారతా ఉండాది,
వినపడనోళ్ల కోసం మాటల్ని అక్షరాలు చేసి వదిలే కాలవ.
దానికి వేశా వల.

పడ్డాయి.
పడ్డాయిగానీ, ఏం పడ్డాయి!
కొమ్ము ఒకచోట, దీర్ఘం ఒకచోట,
వత్తు తన అక్షరాన్నొదిలి పక్కదాని కాళ్ల కింద,
నడాన ఖాళీ డబ్బాలు.
మూడు రాత్రులు ప్రోగ్రాం తిరగరాశా. లొంగలా.

నాలుగో రాత్రి కరెంటు బిల్లు పట్టుకొని
మేడ దిగొచ్చాడు ఓనరు పెంచలయ్య.
ముప్ఫయ్యేళ్లు శుభలేఖలకీ, ఎలక్షన్ కరపత్రాలకీ
సీసం అక్షరాలు పేర్చిన కంపోజిటరు.
ట్రెడిల్ మోత ఆయన చెవులు రెండూ తినేసింది.
తెర చూశాడు. అద్దాలు పంచెతో తుడిచి మళ్లా చూశాడు.
"ఎవుర్రా కేసు కింద పడేసింది?"

కుర్చీ లాక్కున్నాడు.
వేలు గాల్లోనే గుడులేరింది, సుడులేరింది,
ఎవురి వత్తు వాళ్లకి తగిలించింది.
"బంగాళాఖాతంలో అల్పపీడనం.
జువ్వలదిన్నె, రామాయపట్నం పడవలు
ఒడ్డు దాటొద్దు. గాలి గంటకి..."
చెవిటి గొంతు కదా,
ఎదురుగా టీ కొట్టు కట్టేస్తున్న ఖాజావలి
షట్టరు సగంలో ఆపి విన్నాడు.

గంటకి ఎంతో రాలా.
గంటకి, అన్నచోటే వేలు నిలబడిపోయింది.
ఆ జాగాలో ఏ అంకె పెట్టాలో తెలీక
నా మొహం చూశాడు.
రేకుల మీద దబదబ దబదబ.
నేను పైకి చూపించా.
"నాకేం వినపడుద్ది, రాయి" అన్నాడు.

నా ప్రోగ్రాంలోనే టైపు కొట్టా.
దానికీ అదే రోగం: వనా, అని పడింది.
"దీర్ఘం ఒకిల్లు జరిగింది" అని
లేచి, గుమ్మం దాకా పోయి
ప్రూఫు చూసేవాడి మాదిరి
చెయ్యి చూరు బయటికి చాపాడు.

తడిసిన అరచెయ్యి నా కళ్ల ముందర పెట్టి
"సరిపోయింది. అచ్చుకెయ్."