పల్లికాయ వొలిచే యాళ్ల

నాగర్‌కర్నూల్ ఆఖరి బస్సు పోయినంక
కరెంటు లేని గడప కాడ
మేమిద్దరం పల్లికాయ వొలుస్తం.
నేనేం అడుగ.
పొట్టు రాలుతుంటది, అంతే.

మా అమ్మ మట్టిపనికి పోతు
నా నోట్ల మూతెడు కల్లు పోసేది,
ఏడ్వకుంట పండుకోవాలెనని.
పండుకున్న. చానా ఏండ్లు లేవలే.

మొన్న మైసమ్మ కాడ
మా మామ గిలాస చాపిండు:
"జర తాగు పిల్లా, సల్లగుంటది."
చందన నా దిక్కు చూసింది.
గిలాస నేనందుకొని
చెప్పుల కాడ మన్నుల ఒంపిన.
ఆ పూట మా ఇంట్ల ఎవ్వరూ
ముద్ద సక్కగ మింగలే.

ఇయ్యాల మూడో చాటకు
తల ఎత్తకుంటనే అన్నది:
"అమ్మా, సౌభాగ్య సంచిల వైట్నర్ ఉంటది.
దస్తి నా ముక్కు కాడ పెట్టింది."

నా ఏళ్లల్ల కాయ పటుక్కుమన్నది.
చెయ్యి లేస్తే
రేపటి సంది ఈ నోరు
నా కాడ తెరుసుకోదు.

"పీల్చినవా?"
"ఒక్కసారి."

చాట పక్కకు నూకి
దగ్గరికి జరిగిన.
మోకాలుకు మోకాలు తాకింది.
ఎంతసేపో.

"రేపు సౌభాగ్యను గూడ తోలుకరా," అన్న,
"ఇంక రెండు బస్తాలున్నయి."